గట్టు మీద మనిషి

బుజ్జమ్మ అద్దం ముందు నిలబడి జుట్టు ముడి వేసుకుంది, విప్పింది, మళ్ళీ వేసుకుంది. వంటగదిలోంచి మాడు వాసన వచ్చేదాకా ఈ లోకంలో లేదు. పరుగున వెళ్ళి స్టవ్ కట్టేసేసరికి పాలు పొంగి గట్టంతా పారుతున్నాయి. గోడ పట్టుకుని నెమ్మదిగా అడుగులేసుకుంటూ అత్తగారు గుమ్మంలోకి వచ్చింది.

"ఉద్యోగం వస్తుందో రాదో గానీ, పాలు మాత్రం పోయాయి" అంది.

"రాదులెండి అత్తయ్యా. ఊరికే వెళ్ళొస్తాను" అంది బుజ్జమ్మ గుడ్డతో గట్టు తుడుస్తూ.

పెళ్ళయిన కొత్తలోనే ఆమె ఒక స్టేషనరీ దుకాణంలో బిల్లు కౌంటరు దగ్గర చేరింది. పుస్తకాలు, పెన్సిళ్ళు, అట్టలు, రంగుకాగితాలు ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేది. యజమాని పెద్దవాడై దుకాణం ఎత్తేశాక ఇంట్లోనే ఉంటోంది. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి బిగించే భర్తకొచ్చే జీతంతో ఇల్లు గడుస్తుంది, నిజమే. కానీ పొద్దున్నే అందరూ తలో దిక్కూ వెళ్ళిపోయాక, మడత పెట్టిన బట్టలే మళ్ళీ మడత పెడుతూ కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. పని కావాలనుకుంది. వెతుకుతోంది. ఎక్కడికెళ్ళినా వట్టి చేతులతో తిరిగొస్తోంది.

"ఆ ఫర్నిచర్ షోరూమున్న వీధిలోనేగా మోకాళ్ళ డాక్టరు? నేనూ వస్తా పద" అంది అత్తగారు.

షోరూములో మేనేజరు గది బయట అత్తగారిని సోఫా మీద కూర్చోబెట్టి బుజ్జమ్మ లోపలికెళ్ళింది. తలుపు పూర్తిగా పడలేదు.

"ఇదివరకు ఎక్కడ చేశారమ్మా?"

"ఏదో చిన్న షాపండీ. చెప్పుకోదగ్గ పనేం కాదు."

"కంప్యూటర్ మీద బిల్లు వెయ్యడం వచ్చా?"

"వచ్చండీ. కానీ మీవన్నీ కొత్తరకంవి ఉంటాయి. నా బుర్రకి త్వరగా ఎక్కదు."

"వచ్చినవాళ్ళతో రోజంతా మాట్లాడుతూ ఉండాలి."

"అందుకు కుర్రవాళ్ళయితే బాగుంటారు లెండి. నాలాంటివాళ్ళు మీకు పనికిరారేమో."

మేనేజరు కాదనలేదు. కబురు చేస్తామన్నాడు. కబురు రాదని ముగ్గురికీ తెలుసు.

వీధిలోకి వచ్చాక అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. తర్వాత అడిగింది. "లోపల ఎంతమంది ఉన్నారు?"

"మేనేజరొక్కడే అత్తయ్యా."

"మరి నిన్ను వద్దన్నదెవరు? నాకు నీ గొంతొక్కటే వినబడిందే!"

డాక్టరు దగ్గర పని ముగించుకుని తిరిగి వస్తుంటే, దారిలో పొడవాటి నీలం గోడ ఎదురైంది. ఎన్నాళ్ళగానో మరమ్మతుల పేరుతో మూసేసిన ఈతకొలను మళ్ళీ తెరిచారు. గోడ అవతల పిల్లల కేకలు, నీళ్ళు చప్పట్లు కొట్టినట్టు దబదబ చప్పుళ్ళు. మందు కలిపిన నీళ్ళ ఘాటు వాసన ముక్కుకు తగలగానే బుజ్జమ్మ అత్తగారి మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేసింది.

"ఇటు నీడ ఉందిగా, అటెందుకే?" అంది అత్తగారు.

నీడ కోసం కాదు. ఆ గోడ లోపల ఆమె బాల్యమంతా ఉంది.

బుజ్జమ్మ తండ్రి ఆ కొలనులో ఈత మాస్టారు. తల్లి చిన్నప్పుడే పోవడంతో బడి వదలగానే ఆమె అక్కడికే చేరేది. నడక కంటే ముందు ఈత వచ్చిందని అందరూ హాస్యమాడేవారు. బాతుపిల్ల అని పేరు పెట్టారు. సాయంత్రం జనం వెళ్ళిపోయాక, నీళ్ళు అద్దంలా నిలిచినప్పుడు, ఈ చివర మునిగి ఆ చివర తేలేది. గట్టు మీద తువ్వాలు పట్టుకుని నాన్న నిలబడి ఉండేవాడు. "ఏమ్మా, అడుగున ఏముంది?" అని అడిగేవాడు రోజూ. "ఏనుగుంది నాన్నా" అనేది ఒకరోజు. "పెళ్ళి జరుగుతోంది" అనేది ఇంకోరోజు. "భోజనాలు పెట్టారా?" అంటూ తల తుడిచేవాడు. ఇంటికి నడిచి వెళ్తుంటే తడి జుట్టు వీపుకి చల్లగా తగులుతుండేది. లోకంలో ఇంతకంటే సుఖం ఉంటుందని ఆ రోజుల్లో ఆమెకు తెలియదు.

కాస్త పెద్దదయ్యాక పసిపిల్లల క్లాసు ఆమెకే అప్పజెప్పాడు. నీళ్ళంటే గుక్కపెట్టి ఏడ్చే పిల్లలు ఆమె దగ్గర నవ్వేవారు. ఒక సెలవురోజున కొలనంతా కిక్కిరిసిపోయింది. ఒక పాపకి ఈత కళ్ళద్దాలు బిగిస్తూ బుజ్జమ్మ ఒక్క క్షణం వెనక్కి తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి నీళ్ళలో ఒక తల తగ్గింది.

ఆ అబ్బాయికి ఏమీ కాలేదు. నీళ్ళు కక్కి, గట్టిగా ఏడ్చి, గంట తిరక్కుండా ఐస్‌క్రీము తిన్నాడు. కానీ వాళ్ళమ్మ బుజ్జమ్మ రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది. "పిల్లల్ని కనిపెట్టుకోవడం చేతకానిదానివి, నీకెందుకీ పని!" అని అందరి ముందూ అరిచింది. ఆ సాయంత్రం నాన్న ఏమీ అనలేదు. గట్టంతా కడిగి, తాళం వేసి, మౌనంగా పక్కన నడిచాడు. మర్నాడు ఆమె వెళ్ళలేదు. రమ్మని ఆయనా అనలేదు. తర్వాత పెళ్ళి, కాపురం, కూతురు. మరికొన్నాళ్ళకి నాన్న పోయాడు. తను ఈత నేర్పేదన్న సంగతే అత్తింట్లో ఎవరికీ చెప్పలేదు. చేతకానిదానివి అన్న మాట మాత్రం ఆమెతోపాటే ఈ ఇంటికి కాపురానికొచ్చింది.

సాయంత్రం అందరూ ఇంటికి చేరాక, షోరూములో విన్నది అత్తగారు గొంతు మార్చి మరీ చెప్పింది. "'మీవన్నీ కొత్తరకంవి, నా బుర్రకి ఎక్కవండీ' అంటుందిరా! వాడు పాపం నోరు తెరవాల్సిన పనే లేకపోయింది." కొడుకు పకపకా నవ్వాడు. బుజ్జమ్మ కూడా నవ్వబోయింది.

కూతురు చిన్ని నవ్వలేదు. భవనాల ప్లాన్లు గీసే చదువు ఆఖరి ఏడాదిలో ఉందా పిల్ల. "అమ్మ అన్నదాంట్లో తప్పేముంది నానమ్మా? మనలాంటివాళ్ళని వాళ్ళెందుకు తీసుకుంటారు? మా సార్ కూడా నన్నొక పెద్ద ఆర్కిటెక్ట్ ఆఫీసులో శిక్షణకి పంపిస్తానన్నారు. నేనే వద్దన్నాను."

బుజ్జమ్మ చప్పున కూతురి వైపు తిరిగింది.

"వద్దన్నావా?" అంది బుజ్జమ్మ. "ఎందుకు?"

"అక్కడికొచ్చేవాళ్ళు వేరు. మాటలు, వేషాలు అన్నీ వేరు. నేను వెళ్ళి నోరు తెరవకుండా నిలబడతాను. ఎందుకొచ్చిన గొడవ?"

"నీ గీతలు చూసి మీ సార్ అంతలా మెచ్చుకుంటుంటే, నువ్వు వద్దనడమేమిటే! వెళ్ళకుండానే ఎలా తెలుస్తుంది?"

"మనమే వద్దనుకుంటే, వాళ్ళు వద్దన్నారన్న బాధ ఉండదు కదా."

"ఎవరు నేర్పారే నీకీ మాటలు?" బుజ్జమ్మ గొంతు లేచింది.

"ఎవరో వచ్చి నేర్పాలా?" చిన్ని గొంతు కూడా లేచింది. "పొద్దున లేస్తే వింటున్నాను. నా బుర్రకి ఎక్కదు, నా వల్ల ఎక్కడవుతుంది, నాలాంటిదానికెందుకు... పుట్టినప్పట్నుంచీ వింటున్నాను. నేను మాత్రం వెళ్ళిపోవాలి, గెలిచి రావాలి! నీకు నీమీద లేని నమ్మకం నామీద ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

"చిన్నీ, అమ్మతో అలాగేనా మాట్లాడేది?" అన్నాడు తండ్రి.

"మాట్లాడనివ్వండి" అంది బుజ్జమ్మ నెమ్మదిగా. లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

పెరట్లో బట్టలు ఆరేసే తీగ కింద గట్టు మీద కూర్చుంది. ఇంకా వెలుగుంది. కాసేపటికి అత్తగారు వచ్చి, అయ్యో, అబ్బా అనుకుంటూ పక్కన చతికిలబడింది. ఓదార్చలేదు. ఊరికే కూర్చుంది. ఆ ఊరుకోవడమే బుజ్జమ్మ నోరు తెరిపించింది. కొలను, నాన్న, పిల్లల క్లాసు, ఆ సెలవురోజు, ఆ తల్లి కేక, నాన్న మౌనం, అన్నీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ తన అరచేతులే చూసుకుంది.

అత్తగారు అంతా విని, "ఇవాళ నువ్వు బయట కూర్చుంటే లోపల డాక్టరేమన్నాడో తెలుసా?" అంది. "రోజూ నీళ్ళలో నడిస్తే మోకాళ్ళు దారికొస్తాయట. ఆ కొలనులో పెద్దవాళ్ళకి క్లాసు కూడా పెట్టారట. నేనేమన్నానో చెప్పు."

"ఏమన్నారు?"

"ఈ వయసులో నాలాంటిదానికి ఇవన్నీ ఎందుకు బాబూ అన్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు అత్తగారే నవ్వింది. ఏడుపు మధ్యలో బుజ్జమ్మకీ నవ్వొచ్చింది.

"ఇంటిల్లిపాదికీ ఒకటే జబ్బే అమ్మాయ్" అంది అత్తగారు లేపమని చెయ్యందిస్తూ. "నేను వెళ్తాను. నీళ్ళంటే నాకు చచ్చే భయం, అయినా వెళ్తాను. నువ్వు నన్ను గేటుదాకా దింపు, చాలు."

మర్నాడు గేటుదాకానే దింపింది. ఆ మర్నాడు టికెట్ల కిటికీ దాకా. కిటికీ వెనక నెరిసిన జుట్టుతో ఒకావిడ కళ్ళజోడు పైకెత్తి చూసింది.

"బాతుపిల్లవా?"

నాన్న రోజుల్నుంచీ అక్కడ టికెట్లు చింపే అక్క. అంతలో లోపల్నుంచి అత్తగారి కేక వినబడింది. "వద్దు బాబోయ్! నన్ను పైకి తీసెయ్యండి!"

తను ఎలా లోపలికెళ్ళిందో బుజ్జమ్మకే తెలియదు. లోతు తక్కువ వైపు, నడుము దాకా నీళ్ళలో, అత్తగారు గోడకున్న ఇనుప కడ్డీని రెండు చేతులా కరుచుకుపోయి ఉంది. గట్టు మీద కుర్ర కోచ్ ఈల వేసి మరీ చెబుతున్నాడు. "వదలండమ్మా, ఏం కాదు, వదలండి!" వదలండి అన్నకొద్దీ ఆవిడ ఇంకా బిగిస్తోంది. చుట్టూ నడుస్తున్న పెద్దవాళ్ళు కూడా భయపడి ఆగిపోయారు.

బుజ్జమ్మ గట్టు అంచున గొంతుక్కూర్చుంది. "అత్తయ్యా, వదలొద్దు" అంది.

అత్తగారు తలెత్తింది. "వదలనే!"

"గట్టిగా పట్టుకోండి. ఇంకా గట్టిగా. ఇప్పుడు చిటికెన వేలొక్కటి పైకి లేపండి. మిగతావాటితో పట్టుకునే ఉండండి."

చిటికెన వేలు లేచింది. నాన్న మాటలివి. ఇన్నేళ్ళుగా ఎక్కడ దాక్కున్నాయో, తడబాటు లేకుండా నోట్లోంచి వస్తున్నాయి.

"నువ్వు లోపలికి రా, అప్పుడు రెండో వేలు లేపుతా" అంది అత్తగారు.

బుజ్జమ్మ నిలబడి వెనక్కి చూసింది. టికెట్ల అక్క ఈత దుస్తులొక జత చంకన పెట్టుకుని అప్పటికే వచ్చేసింది. "ఇవి మన దగ్గర అద్దెకిచ్చేవే. వేసుకో" అంది.

మెట్టు మీద మొదటి అడుగు పెట్టగానే చల్లదనం పాదాల్లోంచి గుండెదాకా పాకింది. మోకాలు, తొడ, నడుము. నీళ్ళు ఆమెను ఏమీ అడగలేదు. ఎదురుగా వెళ్ళి, చేతులు వీపు వెనక కట్టుకుని నిలబడింది. "నన్ను పట్టుకోవద్దు. కింద నేలుంది, కాలితో తడిమి చూడండి. ఉందా?"

"ఉంది."

"మన వంటింటి నేలకంటే నయం. పాలు కూడా పొంగిపోయి లేవు."

అత్తగారు పకాలున నవ్వింది. నవ్వులో మరో రెండు వేళ్ళు లేచిపోయిన సంగతి ఆవిడకే తెలియదు. కాసేపటికి ఒక చెయ్యి, ఇంకాసేపటికి రెండోది. కోడలి ఎదురుగా ఒక అడుగు, మరో అడుగు. పక్కనున్న పెద్దాయన గొంతు సవరించుకుని, "అమ్మా, నాకూ కాస్త ఆ వేళ్ళ సంగతి చెబుతావా?" అని అడిగాడు. కుర్ర కోచ్ ఈల జేబులో పెట్టేసి, హమ్మయ్య అనుకుంటూ కూర్చుండిపోయాడు.

బట్టలు మార్చుకుని వచ్చిన బుజ్జమ్మని టికెట్ల అక్క తన కుర్చీలో కూర్చోబెట్టి, తను గోడకి ఆనుకుంది.

"నువ్వు మానేశాక మీ నాన్న పసిపిల్లల క్లాసు ఎవరికీ ఇవ్వలేదు, తెలుసా? ఎంతమంది అడిగినా, మా అమ్మాయి వచ్చాక మొదలుపెడదాం అనేవాడు."

బుజ్జమ్మ నివ్వెరపోయింది. "నన్నొక్కసారి కూడా పిలవలేదక్కా!"

"నేనూ అదే అన్నాను, పిలవచ్చుగా మాస్టారూ అని. 'నేను పిలిస్తే నా మాట తీసెయ్యలేక వస్తుంది, వణుకుతూ నిలబడుతుంది. భయం పోయాక రావాలి, దానంతటది రావాలి' అన్నాడు. ఆయన నీకోసం ఎదురుచూశాడు, నువ్వేమో ఆయన మాట కోసం ఎదురుచూశావు. ఇద్దరూ మాట్లాడకుండా కూర్చున్నారు. ఏం మనుషులమ్మా మీరు!"

నాన్న మౌనాన్ని ఆమె ఇన్నేళ్ళూ తీర్పు అనుకుంది. ఆ సాయంత్రం పక్కన నడుస్తూ ఆయన తన అడుగు తగ్గించి ఆమె అడుగుతో కలిపాడన్నది ఇప్పుడు, ఈ కుర్చీలో, మొదటిసారి గుర్తొచ్చింది.

వారం గడవకముందే కొలను మేనేజరు పిలిచింది. వయసులో చిన్నదే గానీ, మాట సూటిగా ఉండే మనిషి. పెద్దవాళ్ళ క్లాసుకీ, పసిపిల్లల క్లాసుకీ మనిషి కావాలి, మీరు చేస్తారా అని అడిగింది. కొత్త పద్ధతుల్లో శిక్షణ తీసుకోవాలి, పరీక్ష కూడా ఉంటుందంది. నాలాంటివాళ్ళు అనే మాట బుజ్జమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"చేస్తాను. కానీ మీకొక సంగతి చెప్పాలి" అంది. "నేనిక్కడ నేర్పేటప్పుడు ఒక అబ్బాయి మునిగాడు. నేను వెనక్కి తిరిగి ఉన్నాను."

మేనేజరు పెన్ను పక్కన పెట్టింది. "బతికాడా?"

"బతికాడండీ."

"ఎవరు తీశారు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తనని తాను కూడా అడుక్కోలేదు. వెనక్కి తిరిగిన ఆ క్షణమొక్కటే ఆమెకి కొన్ని వేలసార్లు గుర్తొచ్చింది. దాని తర్వాతి క్షణం మాత్రం చీకటి. ఇప్పుడు తెర తొలగినట్టయింది. చెప్పులతోనే దూకడం. కళ్ళు మండుతున్నా తెరిచే ఉంచడం. అడుగున తెల్లటి చిన్న చెయ్యి. దాన్ని అందుకుని కాళ్ళతో నేలని ఒక్క తన్ను తన్నడం. ఆ పసివాడి గుండె తన చేతుల్లో పిచ్చుకలా కొట్టుకోవడం.

"నేనే" అంది. "నేనే తీశానండీ."

మేనేజరు గ్లాసుతో మంచినీళ్ళు ముందుకు జరిపింది. "తిరిగి చూసింది మీరే, దూకిందీ మీరే. అయినా సరే, ఒక్కొక్కరికి ఇంతమంది పిల్లలే అని ఇప్పుడు లెక్క పెట్టాం. ఆ రోజు మిమ్మల్ని అంతమంది మధ్య ఒంటరిగా వదలకుండా ఉండాల్సింది" అంది. "ఈ ఉద్యోగానికి నాకు కావాల్సింది ఆ భయం తెలిసిన మనిషే. సోమవారం నుంచి రాగలరా?"

ఆ సాయంత్రం చిన్ని బల్ల మీద వంగి గీతలు గీస్తుంటే బుజ్జమ్మ వెళ్ళి పక్కన కుర్చీ లాక్కుంది. వచ్చిన ఉద్యోగం గురించి చివర్లో చెప్పింది. ముందు మునిగిన అబ్బాయి గురించి చెప్పింది.

"అమ్మా..." అంది చిన్ని.

"నేను చిన్నప్పుడు ఒకావిడ నోట ఒక మాట విన్నాను. దాన్నే తెచ్చి నీకు ఉగ్గుతో పోశాను. నువ్వన్నది నిజమే. నన్ను తిట్టు, కోప్పడు, ఏమైనా చెయ్యి. కానీ ఆ మాట మాత్రం నీ దగ్గర ఉంచుకోకు తల్లీ. అది నీది కాదు. అసలు నాది కూడా కాదు."

చిన్ని పెన్సిలు వదిలేసి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. చిన్నప్పుడు పెట్టుకున్నట్టే, మోకాళ్ళు ముడుచుకుని. అలాగే పడుకుని అడిగింది. "సార్ ఇంకా ఎవరి పేరూ పంపలేదట. అడగనా?"

"వాళ్ళు కాదంటే?"

"కాదంటే వాళ్ళనే అననిద్దాం" అంది కూతురు.

వాళ్ళు కాదనలేదు, వెంటనే అవుననీ అనలేదు. రెండుసార్లు పిలిచారు. మొదటిసారి చిన్ని గొంతు పెగల్లేదని ఏడుస్తూ వచ్చింది. రెండోసారి ఒక మెట్ల దారి గీసి చూపించమన్నారట. గీశాక అందరూ లేచి వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారట. చివరికి రమ్మన్నారని చెబుతున్నప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి.

ఒక సెలవురోజు ఉదయం, క్లాసులు మొదలు కాకముందు, ఇంటిల్లిపాదీ కొలనుకి వచ్చారు. భర్తే అడిగాడు. "పెళ్ళయి ఇన్నేళ్ళయింది బుజ్జీ, నువ్వు ఈదగా నేనొక్కసారీ చూడలేదు. చూడొచ్చా?" అని, కొత్తగా చూసిన అమ్మాయిని అడిగినంత మొహమాటంగా అడిగాడు.

నీళ్ళు అద్దంలా నిలిచి ఉన్నాయి. బుజ్జమ్మ ఈ చివర మునిగింది. పైలోకపు చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కింద నీలం పలకలు మెల్లగా వెనక్కి జారుతున్నాయి. ఒళ్ళు మునుపంత తేలిక కాదు. ఊపిరి సగం దారిలోనే మొరాయించింది. మధ్యలో ఒకసారి తేలి, గాలి పీల్చుకుని, మళ్ళీ మునిగింది. అవతలి గోడ చేతికి తగిలింది.

తల బయటపెట్టేసరికి గట్టు మీద భర్త నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. చిన్ని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. లోతు తక్కువ వైపు, ఏ కడ్డీ పట్టుకోకుండా నిలబడి, అత్తగారు కొడుకు మీద కేకేసింది.

"ఏమిట్రా అలా గుడ్లప్పగించి చూస్తావు? ఇలాంటి మనిషి చేత ఇన్నేళ్ళూ ఇంట్లో గిన్నెలు కడిగించుకున్నాం మనం!"

అందరూ నవ్వారు. బుజ్జమ్మ కూడా నవ్వుతూ మొహం మీది నీళ్ళు తుడుచుకుంది. ఎంత తుడిచినా చెంపలు తడుస్తూనే ఉన్నాయి.